ఫైర్ ఈల్, టైర్ ట్రాక్ ఈల్: మూడడుగుల ట్యాంకులో పెంచవచ్చా?

నీలికొలను (కూకట్‌పల్లి)
అందరికీ నమస్కారం. మా ఇంట్లో 3 అడుగుల ప్లాంటెడ్ ట్యాంక్ (మొక్కలు కూడా పెంచే చేపల ట్యాంక్) ఉంది. గప్పీలు, నియాన్ టెట్రాలు, రెండు ఏంజెల్స్ ఉన్నాయి. అడుగున రంగు గ్రావెల్. పైన మూత లేదు, లైట్ వేలాడదీశాను.

నిన్న ఒక షాపులో పాములాంటి చేప చూశాను. నల్లటి ఒంటి మీద ఎర్రటి గీతలు, సన్నగా సాగిన ముక్కు, జానెడు పొడవు. ఫైర్ ఈల్ అన్నాడు. ఇంతకన్నా పెరగదట, మామూలు గుళికల మేత తింటుందట. పక్క ట్యాంకులో గోధుమరంగు మీద గజిబిజి గీతలున్నవి ఇంకో నాలుగు ఉన్నాయి. వాటిని టైర్ ట్రాక్ ఈల్ అన్నాడు. ఫొటో పంపితే మా అమ్మ "ఇది బొమ్మిడాయి కదరా, దీన్ని అద్దాల పెట్టెలో పెట్టుకుంటావా?" అంది.

చూసినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. ఈ రెండిట్లో ఏది తీసుకోవచ్చు? పెంచినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చేపలపిచ్చి (విశాఖపట్నం)
మూత లేదా! అయితే ముందు మూత చేయించండి, తర్వాతే చేప సంగతి. ఈ జాతి రాత్రిపూట గాజు వెంట పైకి పాకి బయటపడుతుంది. పొద్దున్నే సోఫా కింద వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇసుకమేట (రాజమండ్రి)
నీలికొలను గారూ, మీ అమ్మగారు నూటికి నూరుపాళ్లు కరెక్ట్. టైర్ ట్రాక్ ఈల్ పేరుతో మన దగ్గర అమ్మేది ఎక్కువగా మాస్టాసెంబెలస్ ఆర్మేటస్ అనే జాతి. మనం పులుసు పెట్టుకునే బొమ్మిడాయే. గోదావరి, కృష్ణ కాలువల్లో, చెరువుల్లో ఉంటుంది. పాకిస్తాన్ నుంచి శ్రీలంక, బర్మా మీదుగా ఆగ్నేయాసియా దాకా దీని ఊరే.

ఫైర్ ఈల్ దీనికి పెద్దన్న లాంటిది, మాస్టాసెంబెలస్ ఎరిత్రోటీనియా. థాయ్‌లాండ్, కంబోడియా, మలేషియా, ఇండోనేషియా నదుల చేప. చిన్నప్పుడు గీతలు పసుపు, నారింజ రంగులో ఉండి, పెరిగేకొద్దీ ఎరుపెక్కుతాయి. అందం సంగతి ఒప్పుకోవాల్సిందే. కానీ "ఇంతకన్నా పెరగదు" అన్నమాట మాత్రం నమ్మకండి. నదిలో మీటరు దాకా పెరిగే చేప అది. ఇంట్లో అంత పెరగకపోయినా రెండడుగులు దాటడం మామూలే. ఆర్మేటస్ కూడా 90 సెం.మీ. దాకా పెరుగుతుందని రికార్డుల్లో ఉంది, ట్యాంకుల్లో అడుగున్నర, రెండడుగులు. అంటే మీ మూడడుగుల ట్యాంకులో అది పూర్తిగా ఒళ్లు చాచితే తిరగడానికి చోటుండదు. ఈ రెండూ మీకు వద్దు.

ఇంకో సంగతి. పేరులో ఈల్ ఉన్నా ఇవి అసలు ఈల్స్ కావు. అసలు ఈల్ అంటే మన మలుగుపాము, సముద్రంలో పుట్టి నదుల్లోకి వచ్చి పెరిగేది. బొమ్మిడాయిలు వేరే వరుస. వీపు మీద విడివిడిగా ముళ్లుంటాయి, మామూలుగా పడుకుని ఉంటాయి, భయపడితే లేస్తాయి. అందుకే ఇంగ్లీషులో వీటిని స్పైనీ ఈల్స్ అంటారు. వలతో పట్టుకుంటే ఆ ముళ్లు వలలో చిక్కుకుని చేప గాయపడుతుంది, మన వేలికీ గుచ్చుకుంటాయి. పట్టాలంటే ఒక ప్లాస్టిక్ డబ్బానో, పైపు ముక్కనో నీళ్లలో పెట్టి, అది అందులో దూరాక రెండు కొసలూ మూసి ఎత్తాలి.

మీ ట్యాంకుకు తగ్గవి చిన్న జాతులు. ఒకటి పీకాక్ ఈల్, అంటే మాక్రోగ్నాథస్ సయామెన్సిస్. అడుగు లోపే ఉంటుంది, తోక వైపు వీపు రెక్క మొదట్లో కళ్లలాంటి మచ్చల వరస ఉంటుంది. రెండోది మన నీళ్లదే, మాక్రోగ్నాథస్ పాంకలస్. జానెడు కన్నా ఎక్కువ పెరగదు, ఒంటి మీద సన్నటి పసుపు చుక్కలు. షాపులో పోల్చుకోవాలంటే తోక చూడండి. ఆర్మేటస్‌కి వీపు రెక్క, తోక, అడుగు రెక్క కలిసిపోయి ఒకే అంచులా ఉంటాయి. పాంకలస్‌కి తోక రెక్క విడిగా, గుండ్రంగా కనిపిస్తుంది.

నీలికొలను
ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్ సార్. ఫైర్ ఈల్ వద్దంటే కొంచెం బాధగా ఉంది గానీ అర్థమైంది. పీకాక్ ఈల్ అయితే గ్రావెల్ మార్చక్కర్లేదు కదా?

ఇసుకమేట
మార్చాలి. అసలు ఈ చేప విషయంలో నేను చెప్పే మొదటి మాట ఇసుకే. నీళ్లు, మేత, మందు అన్నీ దాని తర్వాతే.

ఇది పగలంతా ఇసుకలో ఉండే జీవి. తలతో చోటు చేసుకుని, ఒళ్లంతా అటూ ఇటూ కదుపుతూ ఇసుకలోకి దిగిపోతుంది. కాసేపటికి పైన ముక్కు కొస, రెండు కళ్లు మాత్రమే మిగులుతాయి. ఆ ముక్కును దగ్గరగా చూస్తే కొసన ఒక మెత్తటి మొన, దానికి చెరో పక్కా ఒక చిన్న గొట్టం ఉంటాయి. ఆ గొట్టాలే దాని నాసికారంధ్రాలు. కదలకుండా ఉన్నట్టే ఉంటుంది గానీ ఆ మొన మాత్రం నీళ్లలో వాసన పడుతూ కదులుతూనే ఉంటుంది. ఇలాంటి చేపను రంగురాళ్ల మీద వదిలితే దూరడానికి ప్రయత్నించి ఒళ్లు గీరుకుంటుంది. ఆ గీరుళ్లలోంచే బాక్టీరియా, ఫంగస్ పట్టుకుంటాయి. షాపువాళ్లు "నీళ్లు పడలేదు" అనే చావుల్లో చాలావాటికి అసలు కారణం అడుగున ఉన్న రాయే.

ఏ ఇసుకంటే ఆ ఇసుక పనికిరాదు. ఇల్లు కట్టేచోట దొరికే రోబో శాండ్ అసలు వాడొద్దు, అది రాయిని పిండి చేసింది, ప్రతి రేణువుకూ పదునైన అంచులుంటాయి. నది ఇసుకైతే సన్న జల్లెడ పట్టి, బకెట్లో నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. అరచేతిలో వేసుకుని గట్టిగా రుద్ది చూడండి, గరగరలాడినా గుచ్చుకోకూడదు. రెండు మూడు అంగుళాల మందం చాలు. మరీ లోతుగా పోస్తే అడుగున గాలాడక నల్లబడి కుళ్లు వాసన వస్తుంది. ఈల్ తిరిగే చోట అదే కలబెట్టుకుంటుంది, మూలల్లో మీరు వారానికోసారి పుల్లతో కదపండి.

మీ మొక్కల్లో ఇసుకలో నాటినవి లేచిపోతాయి. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటివి కర్రకు, రాయికి కట్టేసినవి అయితే ఇబ్బంది లేదు.

చేపలపిచ్చి
అండర్‌గ్రావెల్ ఫిల్టర్ (రాళ్ల కింద ప్లేటులా పరిచేది) ఉంటే తీసేయండి. ప్లేటు కిందికి దూరి ఇరుక్కుంటుంది. క్యానిస్టర్ (ట్యాంకు బయట పెట్టే ఫిల్టర్) అయితే నీళ్లు లోపలికి పీల్చే గొట్టానికి స్పాంజి తొడగండి. మూతలో వైర్ల కోసం వదిలిన సందులకూ స్పాంజి ముక్కలు కుక్కండి. దాని ఒళ్లు పట్టే సందు కాదు, దాని తల పట్టే సందు ఉంటే చాలు వెళ్లిపోతుంది.

కొల్లేటి_కొంగ (ఆకివీడు)
బొమ్మిడాయి పేరు చూసి వచ్చాను. మా ఇళ్లల్లో వీటిని బూడిద వేసి రాయి మీద రుద్ది, జిగురు పోయాక చింతపులుసులో వేస్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే గానీ ఇసుకలోంచి ముక్కు పెట్టి చూస్తుందని ఇప్పుడే తెలిసింది.

నాదో సందేహం. మా వైపు మావుల్లో (చేపలు పట్టే ఉచ్చుల్లో) పడ్డవి అప్పుడప్పుడు ప్రాణంతో దొరుకుతాయి. ఇదివరకటిలా ఎక్కువ రావడం లేదు, చెరువులన్నీ పెంపకం చేపలతో నిండిపోయాయి. షాపులో కొనే బదులు వాటిలోంచి ఒక చిన్నది తెచ్చి పెంచుకోవచ్చా?

చెలమ (నెల్లూరు)
పెంచవచ్చండీ. నేను ముత్తుకూరులో ఫిషరీస్ చదివాను, అక్కడ మా హాస్టల్లో ఇదే పని చేసేవాళ్లం. షాపుల్లో ఉండే స్పైనీ ఈల్స్ కూడా దాదాపుగా నదుల్లో, చెరువుల్లో పట్టినవే.

చూసుకోవాల్సింది ఏంటంటే, గాలానికి పడ్డది తేవద్దు. నోట్లో గాయం ఉంటుంది, మేత ముట్టదు. మావులో పడ్డదే నయం. ఒంటి మీద జిగురు పొర చెక్కుచెదరకుండా ఉండాలి. తెల్లమచ్చలు, ఎర్రబారిన చోట్లు ఉంటే వదిలేయండి. పొట్ట లోపలికి పోయి, తల వెనక వీపు కత్తి అంచులా తేలిన చేపను ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. అది చాలా రోజులుగా తిండి లేనిదన్నమాట, లోపల పురుగులు కూడా ఉండే అవకాశం ఎక్కువ.

తెచ్చాక నేరుగా మీ పెద్ద ట్యాంకులో వేయకుండా విడిగా ఒక టబ్బులో మూడు నాలుగు వారాలు ఉంచండి. ఇసుక, ఒక పీవీసీ పైపు ముక్క, స్పాంజి ఫిల్టర్, గట్టి మూత. అంతే చాలు.

మందుల విషయం ఇక్కడే చెప్పేస్తాను. వీటికి పొలుసులు లేవని చాలామంది అంటారు. ఉన్నాయి, కాకపోతే మరీ చిన్నవి, చర్మంలో కూరుకుని ఉంటాయి. అందుకే మిగతా చేపల కన్నా మందు వీటి ఒంట్లోకి తొందరగా ఎక్కుతుంది. రాగి కలిసిన మందులు వాడొద్దు. మలకైట్ గ్రీన్ ఉన్నవాటిని సీసా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టి చేప ఎలా ఉందో చూస్తూ వెళ్లాలి. తెల్లచుక్కల జబ్బు వస్తే నీటి వేడిని మెల్లగా 30 డిగ్రీల దాకా పెంచి, గాలి బాగా ఆడించండి. మందు చేప ఒంటి మీద చుక్కల్లో ఉన్న క్రిమిని చంపదు, అది ఊడి నీళ్లలో ఈదేటప్పుడే చంపుతుంది. వేడి పెంచితే క్రిమి ఆ దశకు త్వరగా వస్తుంది. చుక్కలు పోయాయి కదా అని వెంటనే ఆపేయకండి.

గాజుపెట్టె (చెన్నై)
ఉప్పు వేయాలి కదండీ? కొళత్తూరులో నాకు తెలిసిన షాపులో ఈల్స్ ట్యాంకులన్నిట్లో ఉప్పు కలుపుతారు. ఉప్పు లేకపోతే బతకవని అన్నారు.

ఇసుకమేట
బొమ్మిడాయిలకు ఎప్పుడూ ఉప్పు అక్కర్లేదు. గోదావరి కాలువలో ఉప్పెవరు కలిపారు? ఇవి మంచినీటి చేపలు. పీహెచ్ 6.5 నుంచి 7.5, వేడి 24 నుంచి 28 డిగ్రీలు ఉంటే హాయిగా ఉంటాయి.

చెలమ
ఇసుకమేట గారి మాటతో ఏకీభవిస్తున్నాను. షాపుల్లో వేసేది దూరం నుంచి వచ్చిన చేపకు జబ్బు పట్టకుండా ఉండటానికి. క్వారంటైన్‌లో లీటరుకు 1 నుంచి 3 గ్రాములు కొన్నాళ్లు తట్టుకుంటాయి, అదీ మెల్లగా కలపాలి. ఇంట్లో మొక్కల ట్యాంకులో రోజూ వేస్తే ముందు మొక్కలే పోతాయి.

గాజుపెట్టె గారూ, మీ షాపులో ఉప్పు వేసే ఈల్ ఒకసారి సరిగ్గా చూడండి. అది మొరే ఈల్ (ఎక్కువగా సముద్రంలో ఉండే ఈల్) అయి ఉండొచ్చు.

గాజుపెట్టె
అవునండీ, ఇప్పుడు గుర్తొచ్చింది! బూడిదరంగు మీద పసుపు చుక్కలు, నోరు తెరిచి మూస్తూ ఉంటుంది, పక్క రెక్కలు లేవు. "ఫ్రెష్‌వాటర్ స్నోఫ్లేక్ ఈల్" అని రాసి పెట్టారు.

చెలమ
అదే. జిమ్నోథోరాక్స్ టైల్. గంగ ముఖద్వారం లాంటి చోట్ల ఉప్పు, మంచి నీళ్లు కలిసేచోట ఉండే మొరే. మంచినీళ్లలో కొన్ని నెలలు లాక్కొస్తుంది, తర్వాత తిండి మానేసి చిక్కిపోతుంది. దానికి ఉప్పునీటి ట్యాంకు, సముద్రపు ఉప్పు, ఉప్పెంతుందో కొలిచే హైడ్రోమీటరు, అదంతా వేరే లెక్క. నీలికొలను గారూ, షాపులో ఈ పేరు కనిపిస్తే మీరు మాత్రం దూరంగా ఉండండి.

డల్లాస్_ఆక్వా (టెక్సస్)
నేను ఇక్కడ ఫైర్ ఈల్ పెంచుతున్నాను. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంక్, దాదాపు 680 లీటర్లు. ఇప్పుడు రెండడుగుల పైనే ఉంది. ఇంతకన్నా చిన్న ట్యాంకులో పెట్టమని ఎవరికీ చెప్పను.

మేత గురించి ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఈ చేపలు ఎక్కువగా పోయేది ఆకలితోనే. గుళికలు తింటుందని షాపువాడు చెప్పింది చాలావరకు అబద్ధం. దీనికి కదిలే మేత కావాలి, లేదా కనీసం మాంసం వాసన ఉన్నది. మొదట్లో బతికున్న బ్లడ్‌వార్మ్స్ (ఎర్రటి చిన్న నీటి పురుగులు), వానపాములు. అలవాటయ్యాక ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్, తరిగిన రొయ్య.

ఇంకోటి, లైట్లు ఆర్పేసిన గంట తర్వాత మేత వేయండి. పగలు వేస్తే ఏంజెల్స్, టెట్రాలు మొత్తం ఊడ్చేస్తాయి, ఇది ఇసుకలో ఆకలితో పడుకుంటుంది. మొదట్లో నేను పొడవాటి పట్టకారుతో వానపామును దాని ముక్కు ముందు పెట్టేవాణ్ణి. ముక్కు కొసతో రెండుసార్లు తాకి చూసేది, వెనక్కి తగ్గేది, మళ్లీ ముందుకొచ్చి ఒక్కసారిగా నూడుల్‌లా లోపలికి పీల్చేసేది. ఇప్పుడు నేను గది లోపలికి రాగానే ఇసుకలోంచి లేచి గాజు దగ్గరికొచ్చి నిలబడుతుంది, వేళ్ల మధ్య నుంచే తీసుకుంటుంది. సరిగ్గా చూసుకుంటే చాలా ఏళ్లు బతుకుతుంది, మనిషిని గుర్తుపడుతుంది. అందుకే ఈ చేపను చవక బొమ్మలా అమ్మడం చూస్తే నాకు మండుతుంది.

నీళ్లు మార్చేవాళ్లకు ఒక మాట. మా ఊరి కుళాయి నీళ్లలో క్లోరమైన్ (క్రిములు చావడానికి కలిపే మందు) ఉంటుంది. రాత్రంతా బకెట్లో పెట్టినా అది పోదు, దాన్ని పోగొట్టే వాటర్ కండిషనర్ వేయాల్సిందే. మీ ఊళ్లో ఏది కలుపుతారో కనుక్కోండి.

నీలికొలను
హైదరాబాద్‌లో కుళాయి నీళ్లు వస్తాయి, చాలకపోతే ట్యాంకర్ బోరు నీళ్లు. నేను యాంటీక్లోర్ చుక్కలు వేస్తున్నాను. వానపాములు ఎక్కడ తేవాలి? ట్యూబిఫెక్స్ (సన్నటి ఎర్ర పురుగులు) అయితే షాపులో దొరుకుతాయి.

చేపలపిచ్చి
వర్మీకంపోస్ట్ అమ్మే నర్సరీల్లో అడగండి, ఇస్తారు. పురుగుమందు కొట్టే తోటల్లో తవ్వినవి మాత్రం వద్దు. తెచ్చినవాటిని ఒకరోజు తడి కాగితాల్లో ఉంచితే పొట్టలో మట్టి బయటికి పోతుంది. తర్వాత కడిగి, చిన్న చేపకైతే ముక్కలు చేసి వేయండి.

ట్యూబిఫెక్స్ మురుగు కాలువల్లోంచి వస్తాయి. నేను వేయను.

చెలమ
బోరు నీళ్లకు టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) ఒక్కటే చూడకండి, హార్డ్‌నెస్ (నీటి కఠినత్వం) కూడా చూడండి. కుళాయి నీళ్లకు అలవాటైన ట్యాంకులో ఒక్కసారిగా సగం బోరు నీళ్లు పోస్తే ఏ చేపకైనా షాకే. వారానికి పావు వంతు, రెండూ కలిపి ఒకే పాళ్లలో పోయండి.

చలికాలం రాత్రి వేడి కూడా చూసుకోండి. డిసెంబర్, జనవరిలో హైదరాబాద్‌లో హీటర్ లేకపోతే ట్యాంకు చల్లబడిపోతుంది. చల్లబడితే ఈ చేప మేత తగ్గించేస్తుంది. హీటర్‌కు ప్లాస్టిక్ జాలీ తొడుగు పెట్టండి, లేకపోతే ఈల్ దాన్ని చుట్టుకుని పడుకుని ఒళ్లు కాల్చుకుంటుంది.

కొల్లేటి_కొంగ
చెలమ గారూ, మీరు చెప్పినట్టే చేస్తాను. ఇంకో ప్రశ్న. ఇది పెద్దదైతే మళ్లీ మా కాలువలో వదిలేయొచ్చు కదా? మా నీళ్లదే కదా ఎలాగూ.

చెలమ
వద్దండీ. షాపు చేపలతో ఒకే నీళ్లలో, ఒకే వలతో ఉన్నది కాలువలోకి వెళ్తే బయటి జబ్బును మోసుకెళ్లొచ్చు. మీ వైపు మత్స్యకారుల కడుపు కొట్టే పని అది. ఫైర్ ఈల్ లాంటి బయటి దేశం చేపైతే అసలే కూడదు. అద్దాలు శుభ్రం చేస్తుందని అమ్మిన సక్కర్ చేప సంగతి చూస్తున్నాం కదా. పెద్దదయ్యాక ఎవరో చెరువుల్లో పారేశారు, ఇప్పుడు కృష్ణ కాలువల్లో దెయ్యం చేప అని పిలుచుకుంటూ వలలు చిరిగిపోయి ఏడుస్తున్నారు. పెద్దదైతే పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఇక్కడే ఒక పోస్టు పెట్టినా ఎవరో ఒకరు తీసుకుంటారు.

కొల్లేటి_కొంగ
అర్థమైంది మేడమ్. ఇలా ఆలోచించలేదు.

గాజుపెట్టె
రోప్ ఫిష్ గురించి ఎవరైనా చెప్తారా? అదీ పాములాగే ఉంటుంది, పశ్చిమ ఆఫ్రికాదట.

ఇసుకమేట
అది పూర్తిగా వేరే కుటుంబం, బిచిర్ అనే ఆఫ్రికా చేపల బంధువు. అడుగుకు కొంచెం పైన పెరుగుతుంది. పైకొచ్చి గాలి పీలుస్తుంది, కాబట్టి నీటికీ మూతకూ మధ్య జాగా వదలాలి, మూత మాత్రం ఇంకా గట్టిగా ఉండాలి. బొమ్మిడాయి కన్నా మేత దగ్గర మొండితనం తక్కువ. దాని గురించి విడిగా థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

మరీ చిన్న ట్యాంకున్నవాళ్లకు కూలీ లోచ్ నయం. మూడు నాలుగు అంగుళాలే, ఆరేడు కలిపి ఉంచితే బయట తిరుగుతాయి. ఇసుక మాత్రం దానికీ కావాలి.

నీలికొలను
అందరి మాటా విన్నాక నిర్ణయం తీసుకున్నాను. ఫైర్ ఈల్ తీసుకోవడం లేదు. మూత కోసం గాజు షాపులో కొలతలిచ్చాను. రంగు గ్రావెల్ తీసేసి ఇసుక వేస్తాను. ఆ తర్వాతే పాంకలస్ గానీ, పీకాక్ గానీ ఒకటి. గప్పీలను మా చెల్లెలి ట్యాంకులోకి పంపిస్తున్నాను. నియాన్లు ఉంచొచ్చా?

ఇసుకమేట
పీకాక్ అయితే ఉంచొద్దు. చిన్నప్పుడు ఏమీ అనదు, పెరిగాక ఒక్కో రాత్రి ఒక్కోటి మాయమవుతుంది. దాని నోట్లో పట్టేదంతా దానికి మేతే. ఏంజెల్స్, గౌరామీలు, మన ఫిలమెంట్ బార్బ్‌లు సరిపోతాయి. కొరికే స్వభావం ఉన్న సిక్లిడ్లను కలపకండి, ఇసుకలోంచి ముక్కు పెట్టగానే పొడుస్తాయి. పాంకలస్ నోరు ఇంకా చిన్నది, అయినా నియాన్లతో రిస్క్ ఎందుకు?

గ్రావెల్ మొత్తం ఒకేసారి తీసేస్తే అందులో ఉన్న మంచి బాక్టీరియా పోతుంది. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకుండా అలాగే ఉంచండి. ఇసుక వేశాక రెండు వారాలు అమోనియా, నైట్రైట్ (చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే విషాలు) టెస్ట్ చేసి, రెండూ సున్నా వచ్చాకే ఈల్ తెచ్చుకోండి.

షాపులో డబ్బు కట్టేముందు మీ కళ్ల ముందు మేత వేయమనండి. బ్లడ్‌వార్మ్ తిన్నదాన్నే తీసుకోండి.

నీలికొలను
అలాగే సార్. చివరిగా ఒక్కటి. సంక్రాంతికి నాలుగైదు రోజులు మా ఊరు భీమవరం వెళ్తాం. అప్పుడు మేత ఎలా? పక్కింటివాళ్లకు చెప్పనా, లేక నీళ్లలో కరిగే మేత బిళ్లలు వేసి వెళ్లనా?

డల్లాస్_ఆక్వా
రెండూ వద్దు తమ్ముడూ. ఒంటి మీద కండ ఉన్న చేపకు నాలుగైదు రోజులు మేత లేకపోతే ఏమీ కాదు. ఆ బిళ్లలు ఈల్ ముట్టదు, కుళ్లి నీళ్లు పాడుచేస్తాయి. పక్కింటివాళ్లు ప్రేమతో గుప్పెడు వేస్తారు, అది ఇంకా ప్రమాదం. వెళ్లే ముందురోజు కొంచెం నీళ్లు మార్చి, కడుపునిండా వానపాములు పెట్టి వెళ్లండి.

చేపలపిచ్చి
కరెంటు పోతే పనిచేసేలా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పెట్టండి, లేదా ఫిల్టర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి. తాళం వేసే ముందు మూత సందుల్లో స్పాంజి ముక్కలు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసుకోండి.

నీలికొలను
ఇన్వర్టర్ ఉంది, ఆ లైనుకే కలుపుతాను. మూత వచ్చాక ట్యాంక్ ఫొటో ఇక్కడే పెడతాను, ఇసుక మందం సరిపోయిందో లేదో చూసి చెప్పండి.